నలగని నిమ్మకాయ

“మీ అత్త లేదు బిడ్డా” అని మామ ఫోన్‌లో అన్నప్పుడు, నేను మా షెడ్డులో సరుకు నింపిన పెట్టెల దొంతరను వాలుబల్ల మీది నుంచి దించుతున్నాను. పొద్దున గుండెల్లో నొప్పి అన్నదట. కరీంనగర్ ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయిందట. ఫోన్ చెవి దగ్గర ఉండగానే నా కాలు దానంతటదే చక్రం బ్రేకును తొక్కింది. ఏడుపు తరువాత వచ్చింది. ముందు వచ్చింది భయం. ఇక నుంచి “పంపు” అనో “ఆపు” అనో చెప్పేదెవరు?

మా మేనత్త పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పేది. ఆ ఉద్యోగం మానేసి, ఊరి బయట రేకుల షెడ్డు వేసి, గోదాముల నుంచి దుకాణాలకు సరుకు మోసే చక్రాల పెట్టెలు చేయడం మొదలుపెట్టింది. సూపర్ మార్కెట్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చి, కింద చక్రాలున్న ప్లాస్టిక్ డబ్బాలు మీరూ చూసే ఉంటారు. వాటి గురించి ఎవరైనా ఆలోచిస్తారా? అత్తకు మాత్రం వేరే ఆలోచనే లేదు. “మా అక్కకు డబ్బాల పిచ్చి వట్టింది” అని మా బాపు నవ్వేవాడు.

నిండిన పెట్టెలు ఒకదాని మీద ఒకటి కదలకుండా కూర్చోవాలి. ఖాళీవి ఒకదాంట్లో ఒకటి దూరాలి, లేకపోతే తిరుగు లారీలో గాలిని మోసుకురావడమే. అందుకని అత్త గీసిన పెట్టెకు ఒక అంచు ఎర్రగా ఉంటుంది. ఎరుపులు రెండూ ఒకే దిక్కు ఉంటే పై పెట్టె కిందిదాంట్లోకి దిగుతుంది. ఎదురెదురు దిక్కులుంటే పైన నిలబడుతుంది. కొత్తగా చేరినవాళ్లకు ఆమె చెప్పే పాఠం ఇంతే: “అత్తాకోడండ్ల లెక్క యాదివెట్టుకోండ్రి. మొఖాలు చెరో దిక్కు ఉంటేనే ఇల్లు నిలవడ్తది.” అందరూ పకపకా నవ్వేవారు. ఎవరూ మరిచిపోయేవారు కాదు.

అంత నవ్వించే మనిషి ఒట్టి భయస్తురాలు. మొదటి రోజుల్లో హుజూరాబాద్‌లో ఒక దుకాణం ముందు, నూనె డబ్బాలు నింపిన దొంతర వాలు మీద జారింది. మెట్టు మీద చాయ్ తాగుతున్న ఒక ముసలాయన పక్కనుంచే దూసుకుపోయి గోడకు కొట్టుకుని ఆగింది. ఆయన చేతిలో చాయ్ కూడా ఒలకలేదు. “నాకేం గాలే బిడ్డా, పరేషాన్ గాకు” అని ఆయనే అత్తను ఓదార్చాడు. ఆమె మాత్రం గోడ దగ్గరి దొంతరను వదలకుండా పట్టుకుని నిలబడింది. అప్పటి నుంచి ఆమె నోట ఒకటే మాట: “చక్రం ఎవ్వల మాట ఇనదే. వాలు మాట ఒక్కటే ఇంటది.”

నిర్మల్‌లో చుట్టాల పెళ్లికి పోతే, అక్షింతలు వేయకముందే వంటవాళ్ల బండి చక్రం కింద ఇటుక పెట్టి వచ్చింది. ఇంటి గేటు ముందు ఎవరైనా స్కూటర్ ఆపితే, స్టాండు సరిగ్గా వేశారో లేదో చూడందే లోపలికి రానిచ్చేది కాదు.

ఒక దసరాకు కొత్త నమూనాకు పూజ చేశాం. కొత్త బండికి చేసినట్టే, బరువు నింపిన దొంతర నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ముందుకు నెట్టాం. మూడు చితికాయి. నాలుగోది పక్కకు దొర్లి, చెక్కు చెదరకుండా అట్లాగే ఉంది. మా షెడ్డులో పెట్టెలు పోతపోసే ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది. “అపశకునం అక్కా! ఇంకో కాయ వెట్టుర్రి.”

“కాయను ఎందుకు మార్చుడే? చక్రాన్ని సూడాలె” అని అత్త పట్టుచీరతోనే గచ్చు మీద పడుకుని కిందికి తొంగి చూసింది. అడుగు చట్రం ఒక మూల వంగి ఉంది. ఆ చక్రం మీద బరువే పడటం లేదు. సాయంత్రం పంపాల్సిన సరుకు ఆగిపోయింది. ఆ రోజు నుంచి ఏ కొత్త నమూనా గడప దాటాలన్నా నిమ్మకాయలు నలగాల్సిందే. “దేవునికనుకునేవు, నా భయానికే” అనేది.

చివరగా ఆమె గీసిన నమూనా శ్రీరాంపూర్‌లోని ఒక దుకాణం కోసం. దాని వెనక దారి బాగా ఏటవాలు, కింద బడిపిల్లలు నడిచే రోడ్డు. స్వయంగా పోయి చూసి వచ్చి, అన్నం ముట్టలేదు. “గా వాలు సూస్తే నా పాణం గుంజుతుంది. నేనున్నా లేకున్నా, పంపేముందు నువ్వు భయపడాలె బిడ్డా.” అప్పుడు నేను నవ్వేశాను.

అత్త దినాలు అయ్యాక, శ్రీరాంపూర్ పెట్టెల కోసం లారీ వచ్చింది. “ఎక్కియ్యాల్నా మేడం?” అన్నాడు డ్రైవర్. “జర ఆగు” అన్నాను. బరువు నింపిన కొత్త దొంతర నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కళ్లు మూసుకుని నెట్టాను. తెరిచి చూస్తే నాలుగూ నలిగి ఉన్నాయి. హమ్మయ్య అనుకోవాలి కదా? అనుకోలేకపోయాను. గచ్చు మీద పడుకుని, ఆమె చూసినట్టే అడుగున ప్రతి మూలా చూశాను. తప్పేమీ కనిపించలేదు. బ్రేకులన్నీ మళ్లీ ఒక్కొక్కటిగా తొక్కి చూశాకే “ఎక్కియ్యి” అన్నాను.

లారీ వెళ్లిపోయింది. గచ్చు మీద గేటు వైపు సాగిన తడి చారలు, షెడ్డంతా నిమ్మకాయ వాసన. సరుకు క్షేమంగా దిగిందని శ్రీరాంపూర్ నుంచి ఫోన్ ఇంకా రాలేదు. నా కుడికాలు మాత్రం, అక్కడ బ్రేకు లేకపోయినా, నేలను అదిమిపట్టే ఉంది.