బుదింకకు జామీను

వుకొమాన్ అరవయ్యో ఏట పోస్ట్‌మన్ ఉద్యోగం నుంచి రిటైరైన చలికాలంలోనే, ఈదురుగాలికి తాతల నాటి బుదింక ఆపిల్ చెట్టు వేళ్ళతో సహా కూలిపోయింది. ఇంకొకడైతే కొట్టి పొయ్యిలోకి పేర్చుకునేవాడు. ఇతను దాని చివర కొమ్మలు నాలుగు కోసి, ఏప్రిల్ దాకా తడి ఇసుకలో దాచి, అడవి ఆపిల్ మొక్కకు అంటుకట్టాడు.

బుదింక సంగతి తెలిసినవాళ్ళంతా నవ్వారు. అడవి మొక్క మీద కట్టిన బుదింక తొలికాపు చూడాలంటే పన్నెండేళ్ళయినా కావాలి, ఒక్కోసారి పదిహేను. కాపుకొచ్చాక కూడా ఏడాది విడిచి ఏడాదే. అరవై ఏళ్ళ మనిషి అలాంటి చెట్టు పెట్టడమే ఒక వింత అనుకుంటే, అంటు చిగురించీ చిగురించకముందే వుకొమాన్ నేలమాళిగలో పళ్ళు పరవడానికి చెక్క అరలు కూడా కొట్టించాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

పక్కింటి తిహొమీర్ కంచె మీద మోచేతులు ఆనించి, "రుచెలా ఉందో మా మనవలొచ్చి నీ సమాధి దగ్గర చెబుతార్లే బాబాయ్" అనేవాడు. వుకొమాన్‌కు కోపం రాలేదు. చెప్పేటప్పుడు కాస్త గట్టిగా చెప్పమను, నాకు చెవుడు, అని బదులిచ్చి పాదు తవ్వుకునేవాడు. ఊరంతా రాస్ప్‌బెర్రీ తోటలు వేసుకుంది. అతని భార్య రాదోయ్కా కూడా ఆరు వరసలు వేసింది. ఎండ బాగా పడే మూల మాత్రం బుదింకదే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో వాదించి లాభం లేదని ఆమె ఊరుకుంది.

కాపు రాని చెట్టును క్రిస్మస్ నాటి పొద్దున బెదిరించడం ఆ ఊళ్ళో ఆనవాయితీ. ఒకరు గొడ్డలి ఎత్తి నరికేస్తానంటారు. రెండోవారు అడ్డుపడి, నరకొద్దు, వచ్చే ఏడు కాస్తుంది, నేను జామీను అంటారు. అలా మూడుసార్లు. చెట్టుకు భయం పుట్టి కాస్తుందని నమ్మకం. ఈ ఇంట్లో గొడ్డలి వుకొమాన్‌ది, జామీను రాదోయ్కాది. పన్నెండు క్రిస్మస్‌లు ఆమె పిండి చేతులతో పరిగెత్తుకొచ్చి, మూడు జామీన్లూ ఒక్క గుక్కలో ఇచ్చేసి, రొట్టె మాడిపోతోందంటూ లోపలికి పోయింది. చెట్టు మాత్రం ఒక్క పువ్వైనా పూయలేదు.

పదమూడో ఏడు అక్టోబరులో వుకొమాన్ గుండె మొరాయించింది. రెండు వారాలు ఆసుపత్రిలో ఉంచి పంపుతూ, నిచ్చెన జోలికి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. డిసెంబరులో రాదోయ్కా సంత నుంచి వచ్చేసరికి మహానుభావుడు నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడి బుదింక తల కత్తిరిస్తున్నాడు. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. వుకొమాన్ హడలిపోయింది అందుకే. నలభై ఆరేళ్ళ కాపురంలో ఆమె నోరు మూసుకోవడం అతను చూడలేదు. ఆ మౌనం క్రిస్మస్ దాకా సాగింది.

పండగ పొద్దున మంచులో నిలబడి అతను గొడ్డలి ఎత్తాడు.

"నరికేస్తున్నా."

"నరుకు" అంది రాదోయ్కా.

అతను ఆమె ముఖంలోకి చూశాడు. తమాషాకి అన్నట్టు లేదు. రెండోసారి అన్నాడు, ఈసారి గొంతు బాగా తగ్గించి.

"నరుకు. ఎండాకాలానికి అక్కడ రెండు వరసలు వేసుకుంటా."

మూడోసారికీ జామీను రాకపోతే వేటు వెయ్యాల్సిందే. అదీ పద్ధతి. ఊళ్ళో ఏ చెట్టుకూ ఆ గతి పట్టలేదు, ఎందుకంటే జామీనుదారు ఎప్పుడూ ఎదురుతిరగలేదు. వుకొమాన్ మూడో మాట అనలేకపోయాడు. గొడ్డలి దించి, "ఒక్క ఏడు ఆగుదాం. వచ్చే ఏడు కాస్తుంది. నేను జామీను" అని బతిమాలాడు.

రాదోయ్కా గొడ్డలి లాక్కుంది. "దానికి నువ్వు జామీను. మరి నీకెవరయ్యా? పన్నెండేళ్ళు ఈ మోడు కోసం అడ్డం పడ్డాను. నిచ్చెనెక్కేటప్పుడు నేనొకదాన్నున్నానని గుర్తొచ్చిందా నీకు?"

ఇన్నాళ్ళూ కోపమనుకున్నది భయమని అప్పుడు తెలిసింది వుకొమాన్‌కు. సిగ్గుతో తల వంచుకుని, నిచ్చెన తిహొమీర్‌కు ఇచ్చేస్తానన్నాడు. ఆమెకు అది చాలలేదు. గొడ్డలి అతని మీదికే ఎత్తింది.

"వచ్చే ఏడు ఉంటానని చెప్పు. మూడుసార్లు."

కంచె అవతల నుంచి తిహొమీర్ టోపీ తీసి మరీ చూస్తున్నాడు. వుకొమాన్ ఉంటానన్నాడు. మళ్ళీ ఉంటానన్నాడు. మూడోసారి నోరు తెరిచాడు గానీ మాట పెగల్లేదు.

రాదోయ్కా గొడ్డలి దించి, అతని కోటు గుండీ పెడుతూ, "ఉంటాడు" అంది.