వంగపండు రంగు జూలు

మొన్న మా అమ్మాయి లంగాకు గుడ్డ తీసుకుందామని ప్రొద్దుటూరులో బట్టల అంగడికి పోయి కూర్చున్నాను. అంగడాయన సాటిను తాను ఒకటి నా ముందర పరిచి దులిపాడో లేదో, కొత్త గుడ్డ గంజి వాసన ముక్కుకు తగిలి, వచ్చిన పనే మరిచిపోయాను. అది వంగపండు రంగు గుడ్డ. ఆ వాసన వెంటే ఆముదం వాసన, ఉడికే ఉలవల వాసన, ఎండలో చెమట పట్టిన ఎద్దుల వాసన ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేశాయి. ఎన్ని మీటర్లమ్మా అని ఆయన మళ్లీ గట్టిగా అడిగితేగానీ ఈ లోకంలో పడలేదు.

మాది కొండాపురం దగ్గర పల్లె. ఇప్పుడు గండికోట ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది. నా చిన్నతనంలో మా దిక్కు గొప్పవాళ్లంటే బండలాగుడు ఎద్దుల ఆసాములే. తిరునాళ్లలో పెద్ద బండకు గొలుసు కట్టి, జత ఎద్దులతో ఇసకలో లాగించేవాళ్లు. పెట్టిన గడువులో ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వాళ్లది గెలుపు. ఒక్కో ఆసామిది ఒక్కో రంగు. ఎద్దుల వీపు మీద కప్పే జూలు, కొమ్ములకు కట్టే పట్టీలు, తోలేవాళ్ల చొక్కాలు అన్నీ ఆ రంగే. బరిలోకి దిగే ముందు జూలు తీసేసినా, కొమ్ముల పట్టీలు మాత్రం అట్లాగే ఉండేవి. మా పిల్లలకు ఆసాముల పేర్లు తెలియవు, రంగులు తెలుసు. పులివెందుల ఆయనది నిప్పులాంటి ఎరుపు. జమ్మలమడుగు డాక్టరుది పాలతెలుపు. ఆ దుమ్ములో అది మాయకుండా ఎట్లా తెస్తాడో, ఇంట్లో ఉతికే ఆ తల్లి ఎవరోనని మా పెద్దమ్మ ప్రతి ఏడూ దిగులుపడేది. చాపాడు అన్నదమ్ములది అద్దాలు కుట్టిన చిలకపచ్చ. వాళ్లు భాగాలు పంచుకున్నప్పుడు జూలును కూడా నిలువునా చించుకున్నారని చెప్పుకునేవాళ్లు. నిజమో అబద్ధమో గానీ, ఆ తర్వాత వాళ్లను మళ్లీ బరిలో చూడలేదు.

మా పెదనాయనది వంగపండు రంగు, పసుపుపచ్చ అంచు. జమ్మలమడుగులో చర్చి పక్కన మిషను పెట్టుకున్న టైలరు కుట్టేవాడు. మిగిలిన ముక్కలను క్రిస్మసుకు చర్చి గుమ్మానికి తోరణాలుగా కట్టేవాడు. ఆ పండగ నాడు చర్చి కూడా మా పెదనాయన జట్టేనని నేను అనుకునేదాన్ని. ఉగాది వస్తే ఓళిగలు తిన్న నేతిచేతులతోనే పిల్లలమంతా వీధిలోకి ఉరికి, ఇద్దరిద్దరం మెడలకు తాడు తగిలించుకుని, పగిలిన రుబ్బురోలు ముక్కను లాగేవాళ్లం. ఎరుపు ఎవరికి కావాలన్నా ఇచ్చేదాన్ని. వంగపండు రంగు మాత్రం కొట్లాడి అయినా నేనే తీసుకునేదాన్ని.

మా జతలో ఒకదాని పేరు బూదోడు, రెండోది ముత్యాలు. పొద్దున్నే వాటికి ఉలవలు, పత్తిగింజలు, బెల్లం పెట్టి, వీపులకు ఆముదం రుద్ది, పెదనాయన ఆ తర్వాతే నోట్లో ఇంత సద్ది వేసుకునేవాడు. బరిలో చివరి చుట్టు వచ్చి ఎద్దులు ముందుకాళ్లు వంగేటప్పుడు, "హోయ్... బూదయ్యా!" అని ఒక కేక పెట్టేవాడు. ఆ గొంతు వింటే చాలు, బూదోడు అలుపంతా మరిచి లేచేవాడు.

తర్వాత కరువొచ్చింది. చెరువు నెర్రెలిచ్చింది, గడ్డివాములు అయిపోయాయి, ఇంటి కప్పు మీది బోదగడ్డి కూడా లాగి పశువులకు వేశారు. ఎముకలు కనపడుతున్న ఎద్దులను కళ్లెదుట చంపుకోలేక పెదనాయన జతను పులివెందుల ఆయనకు అమ్మేశాడు. మా దిక్కు ఒక పద్ధతి ఉండేది. అమ్మినవాళ్లు తమ జూలు ఇవ్వరు. కొన్నాయనే కొత్త పలుపు, తన జూలు తెచ్చి కప్పాక, అమ్మినాయన తనది అడుగు నుంచి మెల్లగా లాగేసుకోవాలి. ఎద్దు ఒక్క క్షణం కూడా ఒట్టి వీపుతో నిలబడకూడదు. ఎరుపు కిందనుంచి వంగపండు రంగు కొంచెం కొంచెంగా బయటికి వస్తుంటే పెద్దమ్మ ఇంట్లోకి వెళ్లి తలుపేసుకుంది.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. అమ్మిన ఎద్దు కంట ఏడాది దాకా పడకూడదు, దానికి గొంతు వినిపించకూడదు. పాత గొంతు మరిస్తేనే అది కొత్త చేతికి వస్తుంది. ఏడాది నిండకుండానే తిరునాళ్లు వచ్చాయి. పెదనాయన పైగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు.

"యాడికి పోతాండావు?" అంది పెద్దమ్మ.

"దూరంగా నిలబడి సూసొస్తాలే. అంతే."

నన్ను వెంట తీసుకుపోయాడు. జనం వెనకాల, మిరపకాయ బజ్జీల బండి పక్కన నిలబడ్డాం. మా జత ఎర్ర పట్టీలతో బరిలోకి దిగింది. వాటి ఒళ్లు మళ్లీ తేరుకుంది, నిగనిగలాడుతున్నాయి. నాకు సంతోషమూ ఏడుపూ రెండూ వచ్చాయి. చివరి చుట్టు. గెలుపు ఇంక నాలుగడుగుల్లో ఉందనగా బూదోడి ముందుకాళ్లు వంగాయి.

"హోయ్... బూదయ్యా!"

పెదనాయన నోట్లోంచే వచ్చింది. బూదోడు లేచాడు. కానీ ముందుకు కాదు, గొంతు వచ్చిన వైపుకు తిరిగాడు. ముత్యాలు ముందుకు లాగుతోంది, వీడు మా వైపుకు లాగుతున్నాడు, కాడి మెలిపడింది, వీడి వెనకకాలు గొలుసులో ఇరుక్కుంది. ఎముక విరిగిన చప్పుడు అంత జనంలోనూ వినపడింది. పెదనాయన జనాన్ని తోసుకుంటూ పోయి వాడి తల ఒళ్లో పెట్టుకున్నాడు. వాడు ఆయన చెయ్యి నాకుతూ పడుకున్నాడు. ఆయన వచ్చాడు కదా, ఇంక ఇంటికి పోదామనే అనుకున్నట్టున్నాడు.

పులివెందుల ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. తిడతాడేమోనని నేను పెదనాయన పైగుడ్డ పట్టుకున్నాను.

"నేనైనా అరిసేవాన్నేలేప్పా. ఊరుకో," అన్నాడు.

బూదోడు మళ్లీ బండ లాగలేదు. ఆయన వాణ్ణి కోతకు అమ్మకుండా, చచ్చేదాకా కొట్టంలోనే మేపాడు. ఆ మంచితనం పెదనాయనకు ఇంకా పెద్ద శిక్ష అయింది. తిట్టి ఉంటే ఎదురు ఒక మాటన్నా అనేవాడు. మా ఇంట్లో మళ్లీ జత కట్టలేదు.

కొన్నేళ్లకు ఊరు మునిగింది. పెదనాయన ఇప్పుడు పునరావాస కాలనీలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. పోయిన ఎండాకాలం చాపాడు దగ్గర పందేలంటే, సూసి శానా రోజులైంది పాపా అన్నాడని కారులో తీసుకుపోయాను. ఎద్దులు లారీల్లో వచ్చాయి. జూలు ఎక్కడా లేదు. వాటి వెనక నాయకుల బొమ్మలతో ఫ్లెక్సీలు, తోలేవాళ్లకు కూడా అవే బొమ్మల బనియన్లు. ఏ జత ఎవరిదో మైకులో చెబితేగానీ తెలియడం లేదు. ఎరుపు లేదు, పాలతెలుపు లేదు, చిలకపచ్చ లేదు. ఆ రంగుల ఆసాములు ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

ఎవరిదో జత చివరి చుట్టుకు వచ్చింది. ఒక ఎద్దు ముందుకాళ్లు వంగాయి. పక్కకు చూస్తే, పెదనాయన రెండు చేతులతో తన నోరు గట్టిగా అదిమి పట్టుకుని ఉన్నాడు.

"అవి మనవి కాదు పెదనాయనా," అన్నాను.

తెలుసన్నట్టు తలూపాడు. చేతులు మాత్రం తియ్యలేదు.