అప్ప పిల్లులు, అప్ప బొమ్మలు

ముప్పై ఏళ్ళు స్కూలు లైబ్రరీలో పనిచేశాను. దయ్యాల పుస్తకం అడిగిన పిల్లలకి కథల బీరువాలోంచి తీసి ఇచ్చేదాన్ని, తిరిగొచ్చాక మళ్ళీ ఆ కథల బీరువాలోనే పెట్టేదాన్ని. వాటి చోటు అదేనని నాకు ఎప్పుడూ అనుమానం రాలేదు. పోయినవాళ్ళు దయ్యాలై తిరిగి వస్తారని మా చర్చిలోనూ ఎవరూ చెప్పలేదు. ఇది ఎవరినీ నమ్మించడానికి రాయడం లేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట పెట్టాలని రాస్తున్నాను.

మా అప్ప పోయి ఏడాది దాటింది. అప్ప అంటే అక్క. మాది విజయనగరం వైపు, అక్కని అలాగే పిలుస్తాం. ఆమె ఇక్కడ భిలాయిలో స్టీలు ప్లాంట్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు. నా భర్త పోయాక నేను రుఆబాంధా కాలనీలో ఆమె క్వార్టరుకి వచ్చేశాను. పదకొండేళ్ళు ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం. మా మధ్య గొడవ వస్తే రెండు విషయాల మీదే వచ్చేది. ఒకటి ఆమె పిల్లులు, రెండోది ఆమె బొమ్మలు.

ముందు గదిలో గోడలోకి కట్టిన సిమెంటు అరలు నాలుగున్నాయి. తలుపులు లేవు. వాటి నిండా బొమ్మలు. గాజు హంసలు, పింగాణీ బాతులు, తల ఊపే ముసలాయన, గవ్వలు అంటించిన పడవ, ముక్కు చెక్కుకుపోయిన దేవదూత. ఆమె కాన్పుల వార్డులో ఉన్నన్నాళ్ళూ బిడ్డ పుట్టిన సంతోషంలో ఎవరెవరో తెచ్చి ఇచ్చినవి. ఒక్కటి కూడా చూడబుద్ధయ్యేది కాదు. ఒక పనికి రాని వస్తువు ఇంట్లో ఎందుకుండాలో నాకు అర్థం కాదు. ఒకసారి ఆ మాటే అన్నాను.

"ఒలే, నీ పుస్తకాలు మాత్రం ఎందుకేటి? చదివీసినవే కదా," అంది అప్ప.

ఆమె రోజూ రెండుసార్లు ఆ అరలు తుడిచేది. భిలాయిలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. గాలి ప్లాంట్ వైపు నుంచి వీచిందంటే సన్నటి నల్ల దుమ్ము దిగుతుంది. వేలితో తీస్తే వేలు మెరుస్తుంది. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఒకసారి తుడిచేది. సర్వీసులో ఉన్నప్పుడు రెండింటికి మొదలయ్యే షిఫ్టుకి బయల్దేరే ముందు అలా తుడిచి వెళ్ళడం అలవాటు. రిటైరయ్యాక కూడా ఆ వేళ మారలేదు.

ఇక పిల్లులు. బూడిద రంగు ఆడది ఒకటి, పసుపు మగది ఒకటి. వాటి గురించి మర్యాదగా రాయలేను. పెరుగు గిన్నె మూత తీస్తే వెంట్రుక. దులిపి పరిచిన దుప్పటి మీద కక్కు, అందులో నమలని ఎలుక తోక. నేను దాచుకున్న పాత పత్రికల కట్ట మీద మగది ఉచ్చ పోసింది. ఎండబెట్టాను, ఆ వాసన పోలేదు, చివరికి కాల్చేశాను. రాసుకునే బల్ల మీద పెన్ను పెడితే పంజాతో ఒకసారి తట్టేది, ఆగి నా ముఖం చూసేది, మళ్ళీ తట్టేది. కింద పడేదాకా అంతే. అప్ప నవ్వేది. ఆసుపత్రిలో అన్ని రకాల అసహ్యాలూ చేత్తో ఎత్తిన మనిషి, ఆమెకి ఇది ఒక లెక్క కాదు. నాకు అన్నం సహించేది కాదు.

ఆసుపత్రిలో ఆఖరి వారం అప్ప పెద్దగా మాట్లాడలేదు. ఒకరోజు మాత్రం నా చెయ్యి పట్టుకుని, "ఒలే, ఆ రెండిట్నీ ఎక్కడా ఒగ్గీకు," అంది. వదిలెయ్యొద్దని. సరే అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. బొమ్మల గురించి కూడా అడగలేదు.

మట్టి చేశాక ఇంట్లో ఆదరణ కూడిక పెట్టుకున్నాం. పాస్టరు గారు ప్రార్థన చేశారు, అందరూ టీ తాగి వెళ్ళిపోయారు. ఆ తర్వాత నేను అరలు తుడవలేదు. బద్ధకం అని కూడా అనలేను. ఆమె తుడిచే గుడ్డ ముట్టుకోవాలనిపించలేదు. దుమ్ము దిగుతూ ఉంది, నేను చూస్తూ ఉన్నాను.

కూడిక అయిన నాలుగో రోజు మొదటి బొమ్మ పగిలింది. నేను వంటగదిలో కంచం కడుగుతున్నాను. చప్పుడు విని వచ్చేసరికి గాజు హంస నేల మీద ముక్కలై ఉంది. పసుపు పిల్లి ఆ ముక్కల పక్కన కూర్చుని ఒళ్ళు నాక్కుంటోంది. చీపురు విసిరాను.

రెండు రోజులకి ముసలాయన. తర్వాత పడవ. నెలన్నరలో ఏడు పోయాయి. అన్నీ మధ్యాహ్నమే, భోజనం అయ్యాక. ప్రతిసారీ నేను వేరే గదిలో ఉన్నాను, ప్రతిసారీ వచ్చేసరికి ఏదో ఒక పిల్లి అక్కడ ఉంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి అనుకున్నాను.

ఒక సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. ఆ బొమ్మలు పదకొండేళ్ళు నాకు కంటగింపే. కానీ ముక్కలు చేటలోకి ఎత్తాక వెంటనే పారెయ్యలేక ఆ చేట పట్టుకుని నిలబడేదాన్ని. దేవదూత ముక్కల్లో వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి, ఒక ముక్క పిల్లి ఎంగిలితో తడిగా ఉంది. ఆ రోజు వాంతి చేసుకున్నాను. ఇక ఈ ఇంట్లో ఇవైనా ఉండాలి, నేనైనా ఉండాలి అని గట్టిగానే అన్నాను. వినడానికి అవి తప్ప ఎవరూ లేరు.

మా చిన్నాన్న కొడుకు రాజు ఇక్కడికి దగ్గర్లోనే చరోదాలో ఉంటాడు. రైల్వే యార్డులో పని, అక్కడే క్వార్టరు. ఎలుకలు ఎక్కువని వాడి పెళ్ళాం పద్మ ఎప్పుడూ మొత్తుకుంటుంది. ఫోన్ చేశాను.

"పెద్దప్ప పిల్లుల్ని పంపించీస్తావేటి చిన్నప్పా?" అన్నాడు రాజు. "ప్లాంట్ అదురుకి బొమ్మలు జారిపోతన్నాయేమో. మా ఇంట్లో గూడ్సు వెళ్తే గిన్నెలే నడుస్తాయి."

పదకొండేళ్ళలో జారనివి ఇప్పుడెందుకు జారతాయి అన్నాను. అయితే తీసుకురా అన్నాడు.

మర్నాడు రెండు కూరగాయల బుట్టలు ఒకదాని మీద ఒకటి బోర్లించి తాడు కట్టాను. లోపల పిల్లులు రెండూ ఒకదాన్నొకటి తొక్కుకుంటూ అరిచాయి. పవర్ హౌస్ స్టాండులో ఆటో మారినప్పుడు డ్రైవరు కోళ్ళనుకుని, "దీదీ, ముర్గీ హై క్యా?" అన్నాడు. లోపలి నుంచి ఏడుపు విని, సీటు పాడుచేస్తాయని భయపడి, "అరే బాప్ రే, బిల్లీ! సీట్ ఖరాబ్ కరేగీ తో?" అన్నాడు. అన్నంత పనీ చేశాయి. గుడ్డతో తుడిచి, అతని చూపు తప్పించుకుని దిగాను.

పద్మ బుట్ట విప్పుతూ, "వదినా, వీటి పేర్లేటి?" అంది.

ఆ పేర్లు నేను ఎప్పుడూ నోటితో అనలేదు. అది, ఇది అనే పిలిచేదాన్ని. "ఆడది మేట్రన్, మగది కంపౌండర్," అన్నాను. పద్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "బాగుంది. మా ఇల్లు ఆసుపత్రి అయిపోయింది."

ఇంటికొచ్చి నేల అంతా ఫినాయిల్‌తో కడిగాను. దుప్పట్లు ఉడకబెట్టాను. అరల జోలికి మాత్రం పోలేదు. ఆ సాయంత్రం నెలన్నర తర్వాత మొదటిసారి కడుపునిండా తిన్నాను. ఇది కూడా రాయాలి.

మూడో రోజు మధ్యాహ్నం. తలుపు గడియ వేసి ఉంది. కిటికీలన్నిటికీ ఇనప జాలీ. కరెంటు పోయింది, ఫ్యాను తిరగడం లేదు, గాలి లేదు. నేను అరలకి ఎదురుగా కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాను. నిద్ర మత్తులో లేను. ఏం చదువుతున్నానో కూడా గుర్తుంది, నీళ్ళ సరఫరా గురించిన వార్త.

ఏదో గీసుకున్న చప్పుడయింది. తలెత్తాను. రెండో అరలో ఒక పింగాణీ బాతు కొంచెం ముందుకి జరిగి ఉంది.

అదురు అనుకున్నాను. పక్కనున్నవేవీ కదల్లేదు. నేను చూస్తుండగానే బాతు ఇంకొంచెం జరిగింది. ఆగింది. నేను దాన్ని చూస్తున్నాను. మళ్ళీ జరిగింది. మళ్ళీ ఆగింది. ఆ తట్టడం నాకు తెలుసు. ఆ ఆగడం కూడా తెలుసు. ఎవరో నా ముఖం చూడటానికి ఆగినట్టు ఆగింది. తర్వాత అంచు దాటి నేల మీద పడింది.

లేచి అర దగ్గరికి వెళ్ళాను. నెలన్నర దుమ్ము పరుపులా ఉంది. బాతు ఉన్నచోట చిన్న గుండ్రటి శుభ్రమైన మచ్చ, అక్కడినుంచి అంచుదాకా ఒక గీత. ముందు పోయిన ఏడింటికీ అంతే, మచ్చా గీతా, వాటి మీద కొంచెం పలచగా కొత్త దుమ్ము. ఇంకేమీ లేదు. నాలుగు అరల్లోనూ ఎక్కడా ఒక్క పిల్లి అడుగు లేదు. మా వరండాలో ఆ దుమ్ము మీద వాటి అడుగులు రోజూ చూసి తిట్టుకునేదాన్ని. అరల్లో ఒక్కసారి చూసి ఉంటే సరిపోయేది. నేను ముక్కలు చూశాను, పిల్లుల్ని చూశాను, అర చూడలేదు.

ఎంగిలి, వెంట్రుకలు ఎందుకున్నాయో అప్పుడు అర్థమయింది. బొమ్మ పడ్డాక పిల్లులు వాసన చూడటానికి వచ్చాయి. అంతే.

అప్పటికప్పుడు చరోదా వెళ్ళాను. పద్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. "వదినా, నీకెలా చెప్పాలో తెలీక ఫోన్ చెయ్యలేదు. మేట్రన్ పోయింది. వచ్చిన రోజే, నువ్వటు వెళ్ళగానే యార్డులోకి పరిగెట్టీసింది."

రాజు డ్యూటీలో వాకబు చేశాడట. "నిలబడిన వ్యాగన్ల కిందికి దూరింది చిన్నప్పా. ఆ గూడ్సు సాయంత్రం వెళ్ళిపోయింది. ఎటెళ్ళిందో, ఉందో లేదో చెప్పలేం," అన్నాడు.

కంచె పక్కన నిలబడి పిలిచాను. "మేట్రన్, మేట్రన్" అని అరుస్తుంటే యార్డులో ఒకాయన నేనెవరో మనిషిని పిలుస్తున్నాననుకుని ఆగి, "కిస్‌కో బులా రహీ హో, అమ్మా? యహా కోయీ మేట్రన్ నహీ హై," అన్నాడు. పిల్లి అని చెప్పలేకపోయాను. ఆ నెలలో ఇంకో నాలుగుసార్లు వెళ్ళాను. రాలేదు.

కంపౌండర్‌ని తెచ్చుకున్నాను. ఆ తర్వాత ఇంట్లో ఏదీ పగల్లేదు.

అప్పే చేసిందని రాజు అంటాడు. అరలు తుడవలేదని కోపం వచ్చి ఉంటుందట. మధ్యాహ్నం ఆ వేళ ఆమె తుడిచే వేళే, కాదనను. కానీ నేను చాలా ఆలోచించాను. ఆ బొమ్మలు పగలబట్టే పిల్లులు ఇల్లు విడవాల్సి వచ్చింది. ఆమె ఆఖరిసారి అడిగింది వాటిని వదలొద్దనే. వాటి మీద నింద పడే పని అప్ప చెయ్యదు. ఆమె సంగతి నాకు తెలుసు. కాబట్టి అది అప్ప కాదు.

పిల్లులు కాదు, అప్ప కాదు. ఆ ఇంట్లో మిగిలింది ఎవరు? ఆ బొమ్మలన్నా, ఆ పిల్లులన్నా ఒకేలా గిట్టనిది ఎవరు? ఈ ప్రశ్న దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. బాతు పడినప్పుడు నా రెండు చేతులూ పేపరు పట్టుకునే ఉన్నాయి. కుర్చీ నుంచి ఆ అర నాలుగడుగుల దూరం. అంతకుముందు ఏడుసార్లు నేను వంటగదిలోనో పెరట్లోనో ఉన్నాను. ఇవి నిజాలు. వీటిని ఎన్ని రకాలుగా పేర్చినా సమాధానం రావడం లేదు.

కంపౌండర్ ఇప్పటికీ కక్కుతుంది, నేను ఇప్పటికీ ముక్కు మూసుకునే ఎత్తుతాను. ఇంటికి ఎవరొచ్చినా వెళ్ళి వాళ్ళ ఒళ్ళో కూర్చుంటుంది. పద్మ వస్తే దిగనే దిగదు. నేను గదిలోకి అడుగుపెడితే మాత్రం నాకేసి ఒక్క క్షణం చూసి, లేచి, గోడవారగా నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోతుంది.