వెండిపూత రౌతు

సౌదీలో, తబూక్ శివార్లలో పెద్ద పొలాలకు యంత్రాలు పంపే కంపెనీలో నేను కాగితాల మనిషిని. పగలంతా ఇఖామాలు, అంటే పనివాళ్లు ఈ దేశంలో ఉండటానికిచ్చే కార్డులు, రెన్యూ చేయిస్తాను, సెలవు చీటీలు టైపు చేస్తాను. సాయంత్రాలు మాత్రం పరిశోధకుణ్ణి. ఈ ముక్క నేను తప్ప ఇంకెవరూ అనరు.

బ్రిటిష్‌వాళ్లు యుద్ధాలకు వెళ్లినవాళ్లకి ఇచ్చిన పాత పతకాలంటే నాకు పిచ్చి, అందులోనూ గుర్రపు దళాలవి. ఒక్కోదాని అంచు మీద మనిషి నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. ఆ నాలుగు ముక్కలు పట్టుకుని, ఇంటర్నెట్‌లో పాత జాబితాలు తిరగేసి, ఆ మనిషి ఏ ఊరివాడో, ఎక్కడ దెబ్బతిన్నాడో వెతుకుతాను. పతకాలు తప్ప జీవితంలో వేరే పథకాలేవీ లేవు. "బతికున్నవాళ్ల ఫోనెత్తరు గానీ, పోయినవాళ్ల చిరునామాలు మాత్రం కావాలి" అని మా ఆవిడ అంటుంది. ఆ మాట వినడానికైనా నేను ఫోనెత్తాలి కదా.

మా ట్రైలర్ డ్రైవరుది కడప. తన ముత్తాత గుర్రపు దళంలో ఉండేవాడని అందరికీ చెప్పేవాడు. పెషావర్ నుంచి వచ్చిన మెకానిక్ తాత నిజంగానే రిసాల్దారు, గుర్రపు దళంలో అధికారి. మావాడు ఎప్పుడు నోరు తెరిచినా, సాక్ష్యం ఏదని అతను అడిగేవాడు. చివరికి మావాడు ఇంట్లో ఉన్న పతకాన్ని ఫొటోలు తీయించి తెప్పించాడు. నాలుగు ఫొటోలు. నాలుగింటిలోనూ, అంచు మీద హోదా ఉండాల్సిన చోట వాళ్ల తమ్ముడి బొటనవేలు ఉంది. ఈటెలు పట్టే రౌతులైన లాన్సర్ల దళం పేరు మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది. పతకం తెల్లగా మెరుస్తోంది.

ఆ కాలంలో ఒక పద్ధతి ఉండేది. పోరాడేవాళ్లకి వెండి పతకం. వెంట వెళ్లే వంటవాళ్లకి, నీళ్లు మోసేవాళ్లకి, గుర్రాలు చూసేవాళ్లకి అదే అచ్చులో పోసిన కంచుది. ఇది వెండి, దళం లాన్సర్లది. ఇంకేం కావాలి? అంచు పూర్తిగా చూడకుండానే అంచనా వేసేశాను.

శుక్రవారం భోజనాల దగ్గర లేచి నిలబడి, ఈయన లాన్సర్ మునిమనవడని ప్రకటించాను. మెకానిక్ పళ్లెం పక్కన పెట్టి వచ్చి మావాణ్ణి కౌగిలించుకున్నాడు. ఆ రోజు నుంచి క్యాంపంతటికీ మావాడే రిసాల్దార్ సాబ్. నడకే మారిపోయింది. ట్రైలర్ ఆపి దిగితే, కళ్లెం ఎవరికో అందించినట్టు తాళంచెవి చాచేవాడు.

సెలవుకి వెళ్లి వస్తూ పతకాన్ని చేతిరుమాల్లో చుట్టి తెచ్చాడు. నేను చరిత్ర రాసిస్తే రెండూ కలిపి ఫ్రేము కట్టించి ఇంట్లో పెడతాడట. భూతద్దం పెట్టాను. అంచున తెల్లపూత లేచిపోయి, కింద ఎర్రటి కంచు కనబడింది. రాగిబిళ్లలా ఉందని వాళ్లింట్లో ఎవరో ఏనాడో వెండిపూత వేయించారన్నమాట. వేలు అడ్డున్న చోట "సాయిస్" అని ఉంది. గుర్రాలు చూసేవాడు. పాత జాబితాలు మళ్లీ తీశాను. రౌతుల్లో ఆ పేరు లేదు, సాయిసుల్లో ఉంది.

మూడు రోజులు తప్పించుకు తిరిగాను. నాలుగో రోజు జవాజాత్ అనే పాస్‌పోర్టుల ఆఫీసుకి నన్ను పికప్‌లో తీసుకెళ్లాడు. సిగ్నల్ దగ్గర చెప్పేశాను.

"నిజంగా అట్లే రాసుండాదా అన్నా?"

"రాసుంది."

పచ్చలైటు పడినా బండి కదల్లేదు. వెనక హారన్లు మొదలయ్యాక గేరు వేశాడు.

"నా ఇఖామాలో ఏం పనని రాసుండాది?"

"గొర్రెల కాపరి" అన్నాను. రెన్యూ చేయించేది నేనే కదా.

"పద్దెనిమిదేండ్లల్లో ఒక్క గొర్రెనన్నా తోలినానా? ఆయప్పక్కూడా నీమాదిరోడెవడో కూచోని రాసింటాడు."

ఎవరికీ చెప్పొద్దు, కాగితం రాయను, విషయం ఇక్కడితో ఆపేద్దామన్నాను. రెండో మలుపు తిప్పి అన్నాడు.

"ఫ్రేము కట్టించేది మా ముత్తాతకు గదన్నా. ఇంగొకరెవరినో అందులో పెడితే ఆయప్ప యాడికి పోవల్ల? ఆ పెషావరాయప్ప ముందర మొగం యాడ పెట్టుకోవాల్నో అదే తెలీలా. నువ్వు గమ్మునుండు. నేనే చెప్తా."

శుక్రవారం తనకొచ్చిన ఉర్దూలో తనే చెప్పాడు. తప్పు నాది కాబట్టి నేను తలెత్తలేదు. మెకానిక్ నమలడం ఆపాడు. గుర్రానికి డెక్క చీలితే కట్టు కట్టేదెవరని అడిగాడు. సాయిసే అన్నాను. కడుపునొప్పొస్తే పక్కన కూర్చునేదెవరని అడిగాడు. అదీ సాయిసే.

"మరి మీ ముత్తాతది వర్క్‌షాపన్నమాట" అన్నాడు డ్రైవరుతో. "ఎక్కినవాడికి బిరుదు, కింద దూరినవాడికి మసి. నన్నెవరైనా సాబ్ అన్నారా?" అని పక్కకి జరిగి చోటిచ్చాడు, తన పళ్లెంలోంచి ఒక పెద్ద ముక్క తీసి అతని పళ్లెంలో వేశాడు.

"సాయిస్ అని పెద్దక్షరాల్తో రాయన్నా" అన్నాడు మావాడు. ముత్తాత వీరుడని రాయించమని తమ్ముడు అన్నాడట. ఆ మాట మాత్రం తను వద్దన్నాడు. అలాగే రాశాను.

మర్నాడు ట్రైలర్ బ్రేకు కీచుమంటోందని మావాడు వర్క్‌షాపుకి వెళ్తే, సాయిస్ వంశంవాడివి, నువ్వే చూసుకో అని మెకానిక్ స్పానర్ చేతిలో పెట్టాడట. మధ్యాహ్నం దాకా బండి కిందే ఉన్నాడు. మోచేతుల దాకా గ్రీజుతో నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అన్నా, రౌతుగా ఉన్నబుడే బాగుండె."