తాత అరికాలి గడ్డ

మా తాత యల్లప్పకు తెలిసింది గొర్రెల వైద్యం ఒక్కటే. గొర్రెకు గడ్డ లేస్తే వాత పెడతాడు. తన అరికాల్లో గడ్డ లేచినప్పుడూ కొడవలి కాల్చి అదే వాత పెట్టుకున్నాడు. గొర్రె అయితే కనీసం అరిచేది.

గడ్డ తగ్గలేదు. క్యాన్సర్ అయితే పాదం తీసెయ్యాలని ఎవరో అన్నప్పటి నుంచి తాత మాటలే మానేశాడు.

మదనపల్లె ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ గడ్డను వేలితో నొక్కింది. వాత పెట్టిన చర్మం గట్టిపడి లోపల ఏముందో తెలియలేదు. పాదానికి జెల్ పూసి స్కానింగ్ మొదలుపెట్టింది.

“కడుపులో బిడ్డను సూసే మిషన్ తాతా ఇది. నీకు కాల్లో కాన్పు,” అన్నాను.

తాత మిషన్ వైపే చూస్తున్నాడు.

తెర మీద నల్లటి మరకలో తెల్లటి గీత కనిపించింది.

“ముల్లు విరిగి లోపలే ఉండిపోయింది. చుట్టూ చీము పట్టింది. క్యాన్సర్ కాదు, చిన్న కోతతో తీసేస్తాం,” అంది డాక్టరమ్మ.

బయటికొచ్చి అవ్వకు ఫోన్ కలిపి తాత చేతికిచ్చాను.

“ఏం సెప్పినారు? యాల పలకవు?” అని అవ్వ అడుగుతూనే ఉంది. తాత రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఫోన్ నేనే తీసుకున్నాను.

“కాలు ఉంటాదవ్వా. ముల్లంతే.”

ఫోన్ లేకపోయినా తాత చెయ్యి ఇంకా చెవి దగ్గరే ఉంది.