కొండ దగ్గర అమ్మ వంతు

మా బరంపురం తెలుగు క్రైస్తవ సంఘం హాలులో కొత్తగా పెట్టిన పేర్ల పలక గురించి నేను రెండు ఉత్తరాలు రాశాను, ఒక ఆదివారం గుమ్మంలో నిలబడి అడిగాను కూడా. ఇంతవరకూ జవాబు చెప్పినవారు లేరు. ఒకప్పటి శనివారపు బైబిలు పాఠాల్లో వాక్యం చదివినవారి పేర్లన్నీ ఆ పలక మీద ఉన్నాయి, నా పేరూ ఉంది, మా అమ్మ పేరు లేదు. బాప్తిస్మం పొందలేదు కాబట్టి లేదట. ఆ మాటైనా పెద్దలు చెప్పలేదు, పలక చెక్కినవాడు చెప్పాడు.

ఆ శనివారాలు నాకు బాగా గుర్తు. ఛత్రపూర్‌లో గుమాస్తాగా చేరిన కొత్తలో, సాయంత్రం బరంపురంలో రైలు దిగి తిన్నగా పాఠం జరిగే మా పెద్దమ్మ ఇంటికి వెళ్లేవాణ్ణి. ఆమె అమ్మకు స్వయానా అప్ప, బడిపంతులమ్మ, మా వాళ్లలో మొదట క్రీస్తును నమ్ముకున్న మనిషి. ఆమెను చూసే నేనూ బాప్తిస్మం తీసుకున్నాను. నాన్న ఒప్పుకోక అమ్మ ఆగిపోయింది గానీ, మా ఊరు గిరిసోలలో బండెక్కి, వంకాయల బుట్టతో అందరికంటే ముందే వచ్చి కూర్చునేది.

ఆ ఏడు ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుంచి విడుదలైన కథ చదువుతున్నాం. చావు దాటిపోవాలని గుమ్మాలకు పూసిన గొర్రెపిల్ల రక్తం అనగానే సిలువ దగ్గరికి పరుగెత్తేవాళ్లను పెద్దమ్మ ఆపేది. ముందు ఆ గుమ్మాల వెనక నిలబడ్డవాళ్ల భయం తెలుసుకుని, ఆ దారినే క్రీస్తు దగ్గరికి వెళ్లాలనేది, నేలమీద చింతగింజలతో గోత్రాలు పేర్చి నడిపించి చూపేది. వచనాలు తలా ఒకటి చదవాలి, బాప్తిస్మం లేనివాళ్లకు వంతు లేదు. నా పక్కన అమ్మ. బైబిలు నా చేతిలోంచి ఆమె ఒడి మీదుగా అవతలి మనిషికి పోయేది. వంకాయలు మాత్రం అందరూ పంచుకునేవారు. అది నేను మరిచిపోలేదు.

ఒకనాడు అమ్మే అడిగింది. "అప్పా, ఆలతోపాటు వేరే జాతి పైవోలూ బయల్దేరినారన్నావు గదా. కొండకాడ దేవుడు నిబంధన సేసినప్పుడు ఆలనేటి సేసినారు? సెప్పులు కాయమన్నారేటి?"

అందరూ నవ్వారు. పెద్దమ్మా నవ్వి, "ఉండవే, కొండకాడికి ఎల్లనీ, సెప్తాను," అంది.

కొన్ని వారాలకు సీనాయి కొండ వచ్చింది. దేవుడు ముందు విడిపించాడు, ఆ తరవాతే వాళ్లను తన ప్రజగా చేసుకునే నిబంధన చేశాడు, మన రక్షణా అలాంటిదే అని పెద్దమ్మ వివరిస్తుంటే అమ్మ అందుకుంది: "అయితే నడిసొచ్చినోలందరికీ విడుదల అయిపోయినట్టేగదా!"

పెద్దమ్మ ఆ అధ్యాయం మొదటికి తిప్పి మళ్లీ చదువుకుంది. కొండ దగ్గర ఆ పైవాళ్లను వేరుగా నిలబెట్టారని ఇక్కడైతే లేదు అని, బైబిలు తెచ్చి చెల్లెలి ఒడిలో పెట్టి, "సదువే," అంది. నా బడి పలక మీద నేర్చుకున్న అక్షరాలు అమ్మవి. వేలు పెట్టి, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ చదివింది. వచనం ముగించి, బైబిలు అవతలి మనిషికి తానే అందించింది.

నాన్న కంటే ముందే, బాప్తిస్మం లేకుండానే అమ్మ పోయింది, తరవాత పెద్దమ్మా పోయింది. ఇప్పుడు వచనం తెర మీద పడుతుంది, అందరూ ఒక్కసారే చదివేస్తారు. ఎవరి వంతూ దాటిపోదు, వంతు కోసం ఎదురుచూసేవారూ లేరు.

ఆనాటివాళ్లలో మిగిలింది నేనూ, నేటి సంఘ పెద్దా. ఆ సాయంత్రం అమ్మ చేతిలోంచి బైబిలు అందుకుని తరవాతి వచనం చదివింది ఆయనే. అయ్యా, మీ ముందు వచనం ఎవరు చదివారు? చెప్పండి.