రేపల్లెలో నేను తెప్పించిన తుఫాను

బంగాళాఖాతంలో వాయుగుండం లేకుండా, చినుకైనా రాలకుండా రేపల్లెలో ఒక తుఫాను వచ్చింది. వాతావరణం వాళ్ళ లెక్కల్లో అది దొరకదు. ఎందుకంటే దాన్ని పుట్టించింది నేను, మా మామగారి కంప్యూటరు ముందు కూర్చుని! నవ్వదలుచుకున్నవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. తర్వాత నా మీద జాలిపడాల్సి వస్తుంది.

అప్పటికి మా పెళ్ళై నెల కాలేదు. నేను బాపట్లలో ఓ ప్రభుత్వాఫీసులో గుమాస్తాని. ఫైళ్ళను ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి మార్చడం నా ఉద్యోగం. అత్తగారి వీధిలో మాత్రం నేను కలెక్టరుగారి కుడిభుజాన్ని! ఆ పుకారును ఖండించే తెలివి కొత్తల్లుడికి ఎక్కడిది చెప్పండి?

మా మామగారు జోసెఫ్ మాస్టారు రిటైరైన లెక్కల టీచరు, చర్చి కమిటీ కార్యదర్శి. మర్నాడు చర్చిలో కోతపండుగ. పాటల కాగితాలు తెలుగులో కొట్టాలి. ఇంట్లో కంప్యూటరుకేమో తెలుగు రాదు.

"తెనాలి తీసుకెళ్ళి సాఫ్ట్‌వేర్ ఏదో వేయించుకొస్తాలే బాబూ," అన్నారాయన.

"ఇంతదానికి తెనాలి దాకా ఎందుకండీ? నేను లేనూ!" అన్నాను.

కంప్యూటర్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది.

మొదటిసారి ఇన్‌స్టాల్ సగంలో ఆగింది. తీసేసి మళ్ళీ వేస్తే ఈసారి సగం దాకా కూడా రాలేదు. యాంటీవైరస్ ఆపాను. రీస్టార్ట్ చేశాను. కళ్ళు మూసుకుని ప్రార్థన కూడా చేశాను. అది మాత్రం మొండి గేదెలా ఒకటే పాట: నడుస్తున్న ప్రోగ్రాములన్నీ మూసి మళ్ళీ ప్రయత్నించమని. నాకు తెలిసినవన్నీ మూసేశాను. ఇక తెరిచి ఉన్నది నా నోరొక్కటే. దాన్నే ముందు మూయాల్సింది!

మామగారు వరండాలో షామియానా అతనితో ఫోనులో మాట్లాడుతున్నారు. బయట ఆకాశం కాస్త మబ్బుపట్టి ఉంది.

"ఏంటి బాబూ, ఏమంటోంది?" అని కేకేశారు.

తెర మీంచి చూపు తిప్పకుండా అరిచాను. "ప్రోగ్రాములన్నీ ఆపేయాలంట మామయ్యగారూ!"

"అన్నీనా? ఎవరు చెప్పారు?"

"ఇదిగో, ఇప్పుడే మెసేజ్ వచ్చిందండి!"

"రేపటివి కూడానా?"

"ఏవైనా సరేనండి. ఒక్కటి నడిచినా మొత్తం పోద్ది!"

మామగారి చెప్పుల చప్పుడు గబగబా వీధిలోకి వెళ్ళిపోయింది. ఆయన నాకు సహకరిస్తున్నారని మురిసిపోయాను.

కాసేపటికి ఎదురింటి దానమ్మ పిన్నిగారు కిటికీలోంచి తొంగిచూసింది. "ఎందాకా వచ్చింది అల్లుడుగారూ?"

నా కష్టం కనుక్కోవడానికి ఒక్క ప్రాణైనా వచ్చింది గదా అనుకున్నాను. "సగంలో ఆగిందండి. ముందుకు కదలట్లేదు. అక్కడక్కడే తిరుగుతోంది."

"అట్టా తిరిగేయే ప్రమాదం నాయనా! ఏదీ, చూడనీ."

తెర మీద నీలంరంగు సున్నా గిర్రున తిరుగుతోంది.

"యేసయ్యా! సుడి కనపడతానే ఉంది!" అని గుండెలు బాదుకుంటూ పరిగెత్తింది. సున్నాని చూసి జడుసుకునే జనం ఇంకా ఉన్నారా అని లోలోపల నవ్వుకున్నాను.

ఆ సమయంలో వీధిలో జరిగింది మా ఆవిడ తర్వాత చెప్పింది. ఆకాశంలో మబ్బునూ నా మెసేజునూ కూడి, లెక్కల మాస్టారు తుఫానని తేల్చి వీధంతా చాటారట. "మరి టీవీలో ఏం చెప్పట్లేదేంటి మాస్టారూ?" అని ఎవరో అడిగారట. "టీవీవాళ్ళకి రేపు తెలుసుద్ది. మా అల్లుడికి నేరుగా మెసేజులొస్తాయి," అన్నారట మామగారు, ఛాతీ పొంగించి.

ఎట్టకేలకు ఇన్‌స్టాల్ పూర్తయింది! ఆనందం పట్టలేక వీధిలోకి దూకాను. "వచ్చేసింది! వచ్చేసింది!"

అంతే. "వచ్చేసిందంట!" అంటూ వీధి వీధంతా చర్చిలోకి పరుగు. మూటలు, కోళ్ళు, మేకలు, ఒక కుట్టుమిషను. మా అత్తగారి చంకలో ఆవకాయ జాడీ. మామగారి నెత్తిన చర్చి హార్మోనియం. షామియానా ఎప్పుడో విప్పేశారు. బిర్యానీ వంటవాడు గుండిగలు ఆటోలో వేసుకుని పారిపోతున్నాడు.

"బాబూ, బయటుండకండి, లోపలికి రండి!" అని మామగారు కేకలు.

"ఏమైందండీ?"

"తుఫానండీ!"

"తుఫానా? ఎవరు చెప్పారండీ?"

"మీరే గదండీ!"

సరిగ్గా అప్పుడే మబ్బు తొలగి, ఫెళ్ళున ఎండ కాసింది. ఊరంతా ఒకసారి సూర్యుణ్ణి చూసి, తర్వాత నన్ను చూసింది. ఇద్దరిలో సూర్యుడే నయం. ఆయనకి మొహం దాచుకోవడానికి మబ్బులైనా ఉన్నాయి.

 మామగారు హార్మోనియం దించి, నన్ను ఇంట్లోకి తీసుకొచ్చి, కంప్యూటరు ముందు నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఇందులో తెలుగు పడుద్దా?"

"పడుద్దండి," అన్నాను, నేలచూపులు చూస్తూ.

"అయితే కొట్టండి బాబూ. ‘ఎండ కాయుచున్నందున తుఫాను రద్దు చేయబడినది. కోతపండుగ యథావిధిగా జరుగును. ఇట్లు, కమిటీ.’"

తుఫానును రద్దుచేసిన కమిటీ ఈ భూమ్మీద మాదొక్కటే.

ఆ నోటీసును చర్చి గోడకు నా చేతే అంటింపజేశారు. అక్కడే నిలబడి గంభీరంగా తీర్మానించుకున్నాను: ఇకమీదట అత్తగారింట్లో సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్ళను. ఏ మెసేజీ పైకి చదవను. నిజం తుఫానే తీరం దాటి మా మామగారి వరండా ఎక్కి కూర్చున్నా సరే, "అబ్బే, ఏం లేదండి, రీస్టార్ట్ చేస్తే పోద్ది" అనే అంటాను.